కృపవల్లే రక్షణ అయితే, మళ్ళీ మళ్ళీ పడిపోతున్న నా సంగతేమిటి?

ప్రశ్న: అయ్యగారూ, పంతొమ్మిదో ఏట మారుమనస్సు పొంది, నా అంతట నేనే అడిగి బాప్తిస్మం తీసుకున్నాను. ఇప్పుడు నాకు ముప్పై దాటాయి. ఒకే పాపంలో మళ్ళీ మళ్ళీ పడుతున్నాను. కూటాల్లో "ప్రభువును అంగీకరించేవాళ్ళు చేతులెత్తండి" అన్న ప్రతిసారీ చెయ్యెత్తుతున్నాను. ఇంటికొచ్చాక "ఈసారైనా నిజంగా నమ్మానా?" అని టెన్షన్. కృపచేతనే రక్షణ అంటారు, క్రియలు లేని విశ్వాసం మృతం అని కూడా అంటారు. నా రక్షణ పోయిందా? అసలు రానే లేదా? మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలా?

జవాబు:

బ్రదర్, మీరు రాసినదాంట్లో మీ రక్షణ పోయిందనడానికి నాకు ఆధారమేదీ కనిపించలేదు. కనిపించింది వేరే విషయం. రక్షణ క్రియలవల్ల కాదని మీకు బాగా తెలుసు. అందుకే క్రియల్ని పక్కన పెట్టారు. పెట్టి, ఆ ఖాళీలో మీ విశ్వాసాన్నే ఒక క్రియగా తెచ్చి నిలబెట్టారు. ఎంత గట్టిగా నమ్మాను, ఎంతసేపు ఏడ్చాను, చెయ్యెత్తినప్పుడు మనసు పూర్తిగా అక్కడే ఉందా అని లెక్కలు చూసుకుంటున్నారు. మొక్క వేరు పట్టిందో లేదో అని రోజూ పీకి చూస్తే అది ఎప్పటికి పడుతుంది?

"మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అని ఎఫెసీయులకు పౌలు రాశాడు. మిమ్మల్ని రక్షించేవాడు క్రీస్తు. విశ్వాసమంటే ఆయన మీద ఆనుకోవడం. ఎంత బాగా ఆనుకున్నామన్నదాన్ని బట్టి ఆయన బలం పెరగదు, తగ్గదు. మార్కు సువార్త 9వ అధ్యాయంలో ఒక తండ్రి ఉన్నాడు. కొడుకుని దయ్యం నిప్పుల్లోకీ నీళ్ళల్లోకీ తోసేస్తోంది. శిష్యుల వల్ల కాలేదు. యేసు ఎదుట నిలబడి అతను "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని కేక వేశాడు. ఒకే శ్వాసలో నమ్మకమూ అపనమ్మకమూ రెండూ ఒప్పుకున్నాడు. యేసు అతన్ని వెనక్కి పంపి "నమ్మకం గట్టిపడ్డాక రా" అనలేదు. ఆ పిల్లవాణ్ణి అక్కడికక్కడే బాగుచేశాడు. మీరు ప్రతి కూటంలో చెయ్యెత్తి, ఇంటికొచ్చి మిమ్మల్ని మీరు పరీక్ష చేసుకుంటున్నారే, ఆ పరీక్ష ఆ తండ్రికి పెట్టి ఉంటే అతను పాసయ్యేవాడు కాదు.

ఇక మీ అసలు బాధ, ఒకే పాపంలో మళ్ళీ మళ్ళీ పడటం. దీనికి నేను ఎప్పుడూ అబ్రాహాము దగ్గరికే తీసుకెళ్తాను. ఎందుకంటే, కృపనుగూర్చి వాదించవలసి వచ్చినప్పుడు రోమా పత్రిక 4వ అధ్యాయంలో పౌలు తీసుకెళ్ళింది అతని దగ్గరికే. "అతడు యెహోవాను నమ్మెను, ఆయన అది అతనికి నీతిగా ఎంచెను" అనే మాట ఆదికాండము 15లో ఉంది. సున్నతి 17వ అధ్యాయంలో వచ్చింది, అప్పటికి అతనికి తొంభై తొమ్మిదేళ్ళు. మధ్యలో 16వ అధ్యాయంలో ఇష్మాయేలు పుట్టినప్పుడు ఎనభై ఆరేళ్ళు. అంటే నీతిమంతుడని దేవుడు ఎంచిన తర్వాత కనీసం పదమూడేళ్ళకు గాని సున్నతి జరగలేదు. ఆచారం ముందు, అంగీకారం తర్వాత అనే వరస అతని జీవితంలో లేదని పౌలు చూపించింది దీన్నే.

అయితే పౌలు అక్కడ ఎత్తుకోని ఇంకో సంగతి ఆ అధ్యాయాల్లోనే ఉంది. మీకు కావలసింది అదే. కరవు వచ్చి ఐగుప్తుకు వెళ్ళినప్పుడు అబ్రాహాము ప్రాణభయంతో శారాను తన చెల్లెలని చెప్పించాడు. ఆమెను ఫరో ఇంటికి తీసుకుపోయారు. దేవుడు అడ్డుపడి విడిపించాడు. ఇది 12వ అధ్యాయం. ఆ తర్వాత 15లో నమ్మాడు, నీతిమంతుడని ఎంచబడ్డాడు. మళ్ళీ 20వ అధ్యాయానికి రండి. గెరారులో అదే మనిషి, అదే భయంతో, అదే మాట చెప్పాడు. ఈసారి శారాను అబీమెలెకు తీసుకుపోయాడు. అప్పటికే వచ్చే ఏటికి శారాకు కొడుకు పుడతాడని దేవుడు చెప్పి ఉన్నాడు. వాగ్దానాన్ని మోయవలసిన తల్లినే అతను పరాయి రాజు ఇంట్లోకి పంపేశాడు. అబీమెలెకు నిలదీస్తే ఏమన్నాడో 20:13లో చదవండి: మనం వెళ్ళే ప్రతి చోటా నేను నీ అన్ననని చెప్పమని, ఇల్లు వదిలి బయల్దేరిన రోజునే భార్యతో అనుకున్నాడట. అంటే అది ఏదో ఒకరోజు కాలు జారడం కాదు, ఏళ్ళ తరబడి పాతుకుపోయిన అలవాటు.

అలాంటప్పుడు దేవుడు ఏం చేశాడు? నీతిగా ఎంచినదాన్ని కొట్టివేయలేదు. కలలో అబీమెలెకుతో "అతడు ప్రవక్త, నీకోసం ప్రార్థిస్తాడు" అని చెప్పాడు. అబ్రాహాము ప్రార్థిస్తే ఆ ఇంటివాళ్ళు బాగుపడ్డారు. అలాగని ఆ అబద్ధాన్ని దేవుడు చూసీచూడనట్టు వదిలెయ్యలేదు కూడా. దేవుడు లేనివాడనుకున్న ఆ రాజు నోటితోనే, చేయరాని పని చేశావని ముఖం మీద చెప్పించాడు. ఆ తర్వాత 21వ అధ్యాయంలో ఇస్సాకు పుట్టాడు. 22లో అదే మనిషి, భార్యను కాపాడుకోలేనంత పిరికివాడు, ఆ కొడుకును తీసుకుని మోరీయా కొండ ఎక్కాడు.

యాకోబు తన పత్రికలో "క్రియలు లేని విశ్వాసము మృతము" అనేటప్పుడు చూపించేది ఈ 22వ అధ్యాయాన్ని. పౌలు చూపించేది 15వ అధ్యాయాన్ని. ఇద్దరూ ఒకే మనిషి గురించి, అతని జీవితంలో వేర్వేరు ఘట్టాల గురించి మాట్లాడుతున్నారు. దేవుని ముందు ఏ ఆధారంతో నిలబడ్డాడన్నది పౌలు ప్రశ్న. ఆ నిలబడినవాడి విశ్వాసానికి ప్రాణం ఉందా అన్నది యాకోబు ప్రశ్న. యాకోబు ఎవరితో పోట్లాడుతున్నాడో చూడండి. బట్టల్లేక, తిండిలేక వచ్చిన సహోదరుడికి ఏమీ పెట్టకుండా "సమాధానంగా వెళ్ళు, చలి కాచుకో, కడుపునిండా తిను" అని పంపేసేవాడితో. దేవుడొక్కడే అని నమ్మితే చాలనుకునేవాడితో. దయ్యాలు కూడా అది నమ్మి వణుకుతున్నాయని అతనికి చెప్పాడు. తన పాపానికి తనే కుమిలిపోతున్న మీతో కాదు. రెండు మాటలూ దేవుని మాటలే, కానీ ఎవరికి చెప్పిన మాట ఎవరు తీసుకుంటున్నారన్నది చాలా ముఖ్యం. నిర్లక్ష్యంగా ఉన్నవాడు పౌలు మాటను, భయపడేవాడు యాకోబు మాటను పట్టుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఇద్దరికీ అవసరమైనది అవతలిది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. ఇలా చెబితే జనం పాపానికి అలవాటు పడరా? "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా? అట్లనరాదు" అని పౌలు రోమా 6లో రాశాడంటే, అతని బోధ విన్నవాళ్ళు కూడా ఇదే అడిగేవాళ్ళన్నమాట. ఈ ప్రశ్న ఎవరికీ రానంత జాగ్రత్తగా కృపను బోధిస్తున్నామంటే, మనం పౌలు బోధించిన కృపను బోధించడం లేదేమో అని నా అనుమానం. ఆ ప్రశ్నకు అతను ఇచ్చిన జవాబు "అందుకే కృప కొంచెం తగ్గించి చెప్పండి" అని కాదు. పాపం విషయంలో చనిపోయిన మనం ఇంకా దానిలో ఎలా బతుకుతాం అన్నాడు. తీతుకు రాస్తూ మరీ స్పష్టంగా చెప్పాడు: భక్తిహీనతను విడిచి బతకమని మనకు నేర్పించేది కృపే. క్షమించడంతో దాని పని అయిపోదు, ఆ తర్వాత కూర్చోబెట్టి నేర్పుతుంది. నేర్చుకునేవాడు తప్పులు చేస్తాడు. ఏమీ నేర్చుకోనని కుర్చీ లేచి వెళ్ళిపోయేవాడి సంగతి వేరు.

జర్మనీలో డీట్రిచ్ బోన్‌హాఫర్ అనే పాస్టరు, హిట్లర్ పాలనలో, 1937లో దీన్నే "చవక కృప" అని హెచ్చరించాడు. పశ్చాత్తాపం లేని క్షమాపణ, శిష్యరికం లేని కృప సంఘాన్ని చంపేస్తుందని రాశాడు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరంలో అతన్ని ఉరితీశారు. అతని హెచ్చరిక నాకు చాలా విలువైనది, అవసరమైన చోట బోధిస్తాను కూడా. కానీ అది మీకు ఈ రోజు వేయవలసిన మందు కాదు.

లూకా సువార్త 18, 19 అధ్యాయాలు ఒక్కసారి కూర్చుని కలిపి చదవండి. ధనవంతుడైన అధికారి ఒకడు వచ్చి, నిత్యజీవానికి నేనేమి చేయాలి అని అడిగాడు. ఆజ్ఞలన్నీ చిన్నప్పటి నుంచీ పాటిస్తున్నానన్నాడు. ఉన్నదంతా అమ్మి బీదలకిమ్మంటే దుఃఖపడ్డాడు. తర్వాతి అధ్యాయంలో యెరికోలో జక్కయ్య. అతనూ ధనవంతుడే, అదీ సుంకపు డబ్బుతో. ఆయనను చూద్దామని మేడిచెట్టు ఎక్కాడు. యేసు అతన్ని ఏమీ ఇవ్వమని అడగలేదు. నేడు నేను నీ ఇంట ఉండాలి, త్వరగా దిగు అన్నాడు, అంతే. ఊరంతా సణిగింది. జక్కయ్య లేచి నిలబడి, ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు అన్నాడు. మోసం చేసి తీసుకున్న సొమ్మును తనంతట ఒప్పుకుని తిరిగి ఇచ్చేటప్పుడు ధర్మశాస్త్రం అడిగేది అసలు, దాని మీద అయిదో వంతు. నాలుగింతలు అన్నది దొంగిలించిన గొర్రెను కోసినా అమ్మినా పడే శిక్ష. జక్కయ్య తనకు తానే ఆ పెద్ద లెక్క వేసుకున్నాడు. ఇవ్వమని చెప్పించుకున్నవాడు ఇవ్వలేకపోయాడు, ఎవరూ అడగకపోయినా జక్కయ్య గుమ్మరించాడు. ఆ ఇద్దరి మధ్య తేడా, యేసు ముందుగా ఎవరి ఇంటికి వెళ్ళాడన్నదే. సత్‌క్రియలు రక్షణకు ఖరీదు కావు గానీ, రక్షణ వచ్చిన ఇంట్లో అవి ఇలా పుడతాయి.

చరిత్రలో ఈ ప్రశ్న, ఈ అవస్థ మీ ఒక్కరివే కాదు. అయిదో శతాబ్దం మొదట్లో రోములో పెలాగియస్ అనే సన్యాసి బోధించేవాడు. చెడ్డవాడు కాదు, క్రమశిక్షణ గలవాడు. విశ్వాసుల సోమరితనం చూసి మండిపడేవాడు. "నీవు ఆజ్ఞాపించినది చేసే శక్తి ఇవ్వు, తర్వాత నీ ఇష్టం వచ్చినది ఆజ్ఞాపించు" అనే అర్థంలో ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్ చేసిన ప్రార్థన వింటే అతనికి ఒళ్ళు మండింది. ఆజ్ఞ ఇచ్చాడంటే పాటించే శక్తి మనకు ఉన్నట్టేనని అతని వాదం. 418లో కార్తేజ్‌లో జరిగిన బిషప్పుల సభ ఆ బోధను తోసిపుచ్చింది, 431లో ఎఫెసు సభ అతని అనుచరులను ఖండించింది. 529లో ఆరెంజ్ సభ ఇంకో అడుగు వేసి, దేవుని వైపు మన మొదటి అడుగు కూడా ఆయన కృపవల్లే అని చెప్పింది. మీరు ప్రభువును వెతకడం, పాపానికి ఏడవడం, ఇదిగో ఈ ప్రశ్న రాయడం కూడా ఆ లెక్కలోకే వస్తాయి. "నాలో ఆయన పని ఉందా?" అని అడుగుతున్నారు. ఆ అడగడమే ఆయన పని.

మార్టిన్ లూథర్ సంగతి ఇంకా మీకు దగ్గర. 1505లో మఠంలో చేరాడు. గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు, బయటికొచ్చాక ఏదో మరిచిపోయానని మళ్ళీ వెళ్ళేవాడు. నిందలేని సన్యాసిగా బతికినా మనసుకు శాంతి లేదని, నీతిమంతుడైన దేవుడంటే ద్వేషం పుట్టిందని తర్వాత తానే రాసుకున్నాడు. అతని పెద్ద, స్టౌపిట్స్, విసిగిపోకుండా ఒక్కటే చెప్పేవాడు: నిన్ను నువ్వు చూసుకోవడం మానేసి క్రీస్తు గాయాల వైపు చూడు. తర్వాత కతోలిక సంఘం నుంచి ప్రొటెస్టంట్లు విడిపోయిన సంగతి అందరికీ తెలిసిందే. 1547లో కతోలికుల ట్రెంట్ సభ లూథర్ బోధకు వ్యతిరేకంగా తీర్మానాలు చేసింది. కానీ 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక సంఘం, లూథరన్ ప్రపంచ సమాఖ్య కలిసి ఒక ప్రకటన మీద సంతకం చేశాయి. మన యోగ్యత ఏమీ లేకుండా, కేవలం కృపచేత, క్రీస్తు రక్షణ కార్యమందలి విశ్వాసంతో దేవుడు మనల్ని అంగీకరిస్తాడని, మన హృదయాలను మార్చి సత్‌క్రియలకు పిలిచే ఆత్మను ఇస్తాడని రెండూ ఒప్పుకున్నాయి. తర్వాత 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలు కలిశాయి. తేడాలు పూర్తిగా పోలేదు గానీ, మీరు అడిగిన మూల ప్రశ్నకు ఇంతమంది ఒక్క గొంతుతో జవాబు చెప్పడం నాకు చిన్న విషయంగా అనిపించదు.

వచ్చిన రక్షణ పోతుందా? దీని మీద సంఘాలు ఒక్కటిగా లేవు. 1618–19లో రిఫార్మ్‌డ్ సంఘాలు జరిపిన డోర్ట్ సభ ప్రకారం దేవుడు నిజంగా పిలిచినవాళ్ళను చివరిదాకా నిలబెడతాడు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీని అనుసరించేవాళ్ళు, విశ్వాసాన్ని విడిచిపెట్టి పోవడం సాధ్యమే అంటారు. కతోలికులు ఘోరపాపం వల్ల కృపను పోగొట్టుకుంటామని, పాపసంకీర్తన (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం) ద్వారా మళ్ళీ పొందుతామని నేర్పుతారు. ఆర్థడాక్స్ సంఘాలు రక్షణను జబ్బు నయమవడంలా, దేవుని జీవంలో పాలుపొందడంలా చూస్తాయి కాబట్టి ప్రశ్ననే వేరేగా అడుగుతాయి. నా మట్టుకు నేను, హెబ్రీ పత్రిక 6వ అధ్యాయంలోని భయంకరమైన హెచ్చరికలు క్రీస్తును వదిలేసి వెళ్ళిపోవాలని చూస్తున్నవాళ్ళ కోసమని అర్థం చేసుకుంటాను. క్రీస్తు నన్ను వదిలేస్తాడేమోనని భయపడేవాళ్ళకు యేసు చెప్పిన వేరే మాట ఉంది: "నాయొద్దకు వచ్చువానిని నేనెంతమాత్రమును బయటికి త్రోసివేయను."

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను. పాపం పేరు మీరు రాయలేదు, రాయనవసరం లేదు. కానీ దేవుని దగ్గర మాత్రం పేరు పెట్టి చెప్పండి. "ప్రభువా, నేను ఘోర పాపిని" అని మొత్తంగా ఏడవడం తేలిక. నిన్న సాయంత్రం ఫలానా చోట ఫలానా పని చేశాను అని చెప్పడం కష్టం. ఒప్పుకుంటే ఆయన నమ్మదగినవాడు, నీతిమంతుడు, క్షమిస్తాడని యోహాను రాశాడు. ఒప్పుకున్నాక, క్షమాపణ వచ్చినట్టు అనిపించేదాకా ప్రార్థన సాగదీయకండి. ఆ అనుభూతి రావడానికి ఆలస్యం కావచ్చు. ఆమేన్ అని లేచి, రోజు పనిలోకి వెళ్ళండి.

రెండోది, నోరు జారని, మిమ్మల్ని చూసి అసహ్యించుకోని ఒక పెద్ద మనిషికి చెప్పండి. ఏళ్ళ తరబడి ఉన్న పాపం రహస్యంలోనే బతుకుతుంది. ఒంటరిగా చేసే ఒట్లు దాన్ని చంపలేవు. యాకోబు "ఒకరితో ఒకరు పాపములను ఒప్పుకొనుడి" అన్నది దీని కోసమే. పడేది ఏ వేళలో, ఏ చోట, ఎవరి మీద కోపం వచ్చాక, ఎంత అలసటలో అని ఇద్దరూ కూర్చుని చూడండి. దారి మార్చుకోవలసినది తరచూ అక్కడే దొరుకుతుంది. మీ పాపం వల్ల ఇంకొకరికి నష్టం జరిగి ఉంటే, జక్కయ్యలాగా అది సరిచేయండి. క్షమాపణ కొనుక్కోవడానికి చేస్తున్నానని మాత్రం అనుకోకండి.

ఇంకొకటి. ఒప్పుకున్న పాపాన్నే రోజంతా మళ్ళీ మళ్ళీ ఒప్పుకోవలసి వస్తున్నా, వద్దన్నా చెడ్డ ఆలోచనలు బలవంతంగా తిరుగుతున్నా, నిద్ర, పని దెబ్బతింటున్నా, మానసిక వైద్యుణ్ణి కలవండి. అది అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ కావచ్చు, భక్తి విషయాల చుట్టూ కూడా వస్తుంది. దానికి మంచి చికిత్స ఉంది. మందు వేసుకోవడం విశ్వాసం తక్కువవడం కాదు.

కూటాల్లో చెయ్యెత్తడం ఇక ఆపండి. మొదటిసారి విన్నవాళ్ళ కోసం ఇచ్చే పిలుపు అది. ఆ సమయంలో తల వంచి, చెయ్యెత్తేవాళ్ళ కోసం ప్రార్థన చేయండి. ప్రభువు బల్లకు మాత్రం దూరంగా ఉండకండి. ఈ వారం పడ్డాను కదా అని మానేసేవాళ్ళు చాలామంది. తనను తాను పరీక్షించుకుని "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అన్నాడు పౌలు, పరీక్షించుకుని మానుకోమనలేదు. ఒప్పుకుని, వదలాలనే మనసుతో వెళ్ళండి. పాపాన్ని వదలనని మొండికేసి కూర్చున్నవాడికే, అయోగ్యంగా తినవద్దని పౌలు అక్కడ చేసిన హెచ్చరిక బరువుగా తగలాలి.

బాప్తిస్మం మళ్ళీ తీసుకోవద్దు. మీరు తెలిసి, నమ్మి, అడిగి, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో తీసుకున్నారు. త్రిత్వ నామంలో జరిగిన బాప్తిస్మాన్ని మళ్ళీ ఇవ్వకూడదని 314లోనే ఆర్లె సభ తీర్మానించింది. పాపక్షమాపణ కోసం ఒకటే బాప్తిస్మం అని నైసియా విశ్వాస ప్రమాణంలో ఇప్పటికీ ఒప్పుకుంటున్నాం. ఆ రోజు మీ విశ్వాసం ఎంత బలంగా ఉందో మీకు గుర్తు లేకపోవచ్చు. ఆ బాప్తిస్మం చెల్లడం మీ విశ్వాసం బలం మీద ఆధారపడి లేదు. ఎవరైనా మళ్ళీ తీసుకోమని ఒత్తిడి చేస్తే, మీ సంఘ కాపరి దగ్గరికి వెళ్ళి, నాకు రాసినట్టే ఆయనకూ అంతా చెప్పండి. ఆయన ఏమన్నాడో వీలైతే ఇక్కడ రాయండి, నేను చూస్తాను.